పొలిమేర దాటిన యోగ్యతా పత్రం

వలస వచ్చిన తెలుగు ఇండ్లలో ట్రంకు పెట్టె లేని ఇల్లు అరుదు. ఆ పెట్టె అడుగున, పెండ్లినాటి పట్టుబట్టలకూ పాత జాతకచక్రాలకూ నడుమ, గుడ్డలో చుట్టిన ఒక కాగితం ఉంటుంది. అది పొలం దస్తావేజు కాదు. ఇంటి పెద్దవాడో, రెండవవాడో పదవ తరగతి ప్యాసయిన పత్రం. బంగారం ఏ ఊళ్ళోనయినా తూకానికి చెల్లుతుంది. ఈ కాగితం విలువను మాత్రం ఊరు మారినప్పుడల్లా ఎవరో ఒక గుమాస్తా కొత్తగా కట్టవలసిందే. రైల్వే కచేరీలో అట్టి కాగితాలు చూసే పనిలో నేనూ ఒకడిని గనుక, దాని చరిత్రను తెలిసినంతవరకు ఈ ఉగాది సంచికలో విన్నవించుకుంటాను.

వెంకటమ్మనహళ్ళినుంచి మొదలుపెడతాను. అది తుమకూరు జిల్లా పావగడ తాలూకాలోని పల్లె. పత్రికలు చదివేవారికి ఆ పేరు 2005 ఫిబ్రవరిలో అక్కడి పోలీసు శిబిరంపై నక్సలైట్లు జరిపిన దాడివల్ల తెలిసి ఉండవచ్చు. నేను చెప్పబోయేది అది కాదు. పటం తీసి పావగడ తాలూకాను చూడండి. కర్ణాటకకు చెందిన ఆ తాలూకా చుట్టూ దాదాపు అన్ని దిక్కులా ఆంధ్ర నేలే. చిత్రదుర్గం జిల్లా చెళ్ళకెరె వైపున మాత్రం సన్నని మెడవంటి ముక్క ఒకటి దానిని సొంత రాష్ట్రానికి తగిలించి ఉంచింది. అటు ఆంధ్రకు చెందిన మడకశిర కూడ అట్లాగే కన్నడ సీమలోకి చొచ్చుకొని కూర్చుంది. ఈ పల్లెలలో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. పిల్లనిచ్చేది, తెచ్చుకునేది మడకశిర, హిందూపురం, పెనుకొండ, కల్యాణదుర్గం వైపు. రైలెక్కాలంటే హిందూపురమో పెనుకొండో పోవాలి. మేనమామ ఇంట్లో ఉండి చదువుకొమ్మని పిల్లవాణ్ణి పంపితే, ఆ పిల్లవాడు తనకు తెలియకుండానే ఒక రాష్ట్రం పరీక్షల బోర్డు ఏలుబడిలోనుంచి మరొక బోర్డు ఏలుబడిలోకి పోతాడు. అమెరికా పోయేవానికి సముద్రం దాటిన తరువాత ఎదురయ్యే ప్రశ్న, ఈ ఊరి పిల్లవానికి నాలుగు కోసుల దూరంలోనే ఎదురవుతుంది: నీవు చదివిన చదువు మా చదువుకు సమానమేనా?

ఈ ప్రశ్న ఎప్పుడూ ఇట్లాగే లేదు. 1857లో కలకత్తా, బొంబాయి, మదరాసులలో మూడు విశ్వవిద్యాలయాలు లండన్ విశ్వవిద్యాలయం నమూనాగా ఏర్పడ్డాయి. మొదట్లో అవి పాఠం చెప్పేవి కావు, పరీక్ష పెట్టేవి మాత్రమే. విశ్వవిద్యాలయంలో పేరు నమోదుకు ప్రవేశ పరీక్షగా మెట్రిక్యులేషన్ పెట్టారు. లోపలికి పోవడానికి పెట్టిన ఆ ద్వారం దగ్గరే మనవాళ్ళు చాలామంది ఆగిపోయారు. ఆ ఒక్క పరీక్ష ప్యాసయితే కచేరీలో కొలువు దొరుకుతుంది గనుక, గుమ్మమే ఇల్లయింది! రైల్వే గుమాస్తా నౌకరీ ప్రకటనలలో తరతరాలుగా కనిపించే “మెట్రిక్యులేషన్ లేక దానికి సమానమైన పరీక్ష” అన్న మాటకు పుట్టుక అక్కడే. ఆ వాక్యంలో “మెట్రిక్యులేషన్” అన్న మాటతో ఎవరికీ పేచీ లేదు. పేచీలన్నీ “సమానమైన” అన్న మాటతోనే.

ఆ కాలంలో మదరాసు విశ్వవిద్యాలయం పరిధి చాల పెద్దది. బెంగుళూరు సెంట్రల్ కాలేజీ, మైసూరు మహారాజా కాలేజీ దానికే అనుబంధాలు. హైదరాబాదులోని నిజాం కాలేజీ 1947 వరకు దానికే అనుబంధంగా నడిచింది. కాబట్టి పావగడలో పుట్టినవాడూ, పెనుకొండలో పుట్టినవాడూ, హైదరాబాదులో పుట్టినవాడూ ఒకే తూనికరాయితో తూగేవారు. రాజ్యాలు వేరు, పరీక్ష ఒకటి. రంగూనుకు పోయిన మన తీరాంధ్రుల సంగతి వేరు. రంగూన్ కాలేజీ 1920లో అక్కడ విశ్వవిద్యాలయం వెలిసేదాకా కలకత్తాకు అనుబంధం. తండ్రి కాకినాడ రేవులో ఓడ ఎక్కి పోతే, కొడుకు కలకత్తావారి పరీక్షకు కూర్చోవలసి వచ్చేది.

మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి చదువు ఈ విషయంలో గమనింపదగినది. ఆయన 1881లో సెంట్రల్ కాలేజీనుంచి మదరాసువారి బి.ఏ. పట్టా పొందారు. ఇంజనీరింగు చదువుకు మైసూరు ప్రభుత్వపు విద్యార్థి వేతనంతో పూనా వెళ్ళారు. పూనా కాలేజీ బొంబాయి విశ్వవిద్యాలయంది. మైసూరు సంస్థానపు ప్రజ, మదరాసు పట్టా, బొంబాయి కాలేజీ – మూడూ ఒకరిలో ఇమిడాయి. ఆయనే 1912లో మైసూరు దివాను అయినారు. ఆయన దివానుగా ఉండగానే 1916లో మైసూరు విశ్వవిద్యాలయం వెలిసింది. దేశీయ సంస్థానాలలో అదే మొదటిది. మనకంటూ ఒక విశ్వవిద్యాలయం ఉండాలన్న కోరిక న్యాయమైనది, కాదనను. కాని, పరాయి పట్టాను నమ్మి తీసుకొన్న కాలేజీ పుణ్యమా అని పైకి వచ్చిన మహానుభావుని కాలంలోనే పావగడకూ పెనుకొండకూ నడుమ విద్యలో గీత పడింది. రెండేండ్లలో, 1918లో, హైదరాబాదులో ఉస్మానియా ఉర్దూ మాధ్యమంగా మొదలయింది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చింది. ఒక తూనికరాయి నాలుగయింది.

ఇన్ని రాళ్ళు ఉన్నప్పుడు ఒకదానికొకటి సరిచూచే సంత పెద్ద ఒకడు కావాలి గదా. 1924లో సిమ్లాలో విశ్వవిద్యాలయాలవారు సమావేశమై, మరుసటి ఏడు అంతర్విశ్వవిద్యాలయ మండలిని ఏర్పాటు చేసుకొన్నారు. మన పట్టాలకూ పరీక్షలకూ ఇతర దేశాలలో గుర్తింపు తెప్పించడం దాని పనులలో ఒకటి. అదే 1973నుంచి భారత విశ్వవిద్యాలయ సంఘం అన్న పేరుతో నడుస్తూ ఉంది. విదేశాలలో చదివి తిరిగి వచ్చిన మన పిల్లల పరీక్షలకు సమానతా పత్రం చాలకాలం ఇస్తూ వచ్చింది ఢిల్లీలోని ఆ సంఘమే. దుబాయిలోనో సింగపూరులోనో కేంబ్రిడ్జివారి పరీక్ష వ్రాయించిన తలిదండ్రులు, పిల్లలను ఇక్కడ కాలేజీలో చేర్పించేటప్పుడు దాని పేరు మొదటిసారి విన్నారు.

ఇక యస్.యస్.యల్.సి. సంగతి. మెట్రిక్యులేషన్ బట్టీపట్టే చదువుకు దారితీస్తున్నదన్న విమర్శ బలపడగా, 1911 ప్రాంతంలో మదరాసు ప్రభుత్వం యస్.యస్.యల్.సి. పద్ధతి తెచ్చింది. ఇది ఒక పుస్తకం. దానిలో పిల్లవాని పుట్టిన తేదీ, ఒంటిపై పుట్టుమచ్చలు, బడిలో వచ్చిన మార్కులు, ప్రభుత్వ పరీక్ష మార్కులు అన్నీ ఎక్కించేవారు. చిత్రమేమంటే, మొదటి రోజులలో అందులో ప్యాసూ లేదు, ఫెయిలూ లేదు. మార్కులు మాత్రమే ఉండేవి. కాలేజీకి తగినవాడా కాదా అన్నది వేరే తేల్చి “ఎలిజిబుల్” అని జాబితా వేసేవారు. తక్కినవారు “యస్.యస్.యల్.సి. కంప్లీటెడ్” అని వ్రాసుకొని కాలం గడిపారు. మన తాతల దరఖాస్తులలో ఈ మాట కనిపిస్తే నవ్వకండి. అది అబద్ధమూ కాదు, డాబూ కాదు. ఆ పద్ధతి అట్లా ఉండేది. కాని మదరాసు దాటి వేరే చోటికి పోతే, ప్యాసయినట్టు లేని ఆ పుస్తకాన్ని చూచి అక్కడి అధికారి ఏమనుకోవాలి?

సముద్రం దాటినవారిలో ఇద్దరిని తలచుకోవాలి. మొదటివాడు మన భాషవాడు కాకపోయినా గుమాస్తాలందరికీ అయినవాడు, శ్రీనివాస రామానుజన్. 1903లో మెట్రిక్యులేషన్ ప్యాసయినాడు. ఆ పైన ఎఫ్.ఏ. పరీక్ష దాటలేకపోయాడు. 1912లో మదరాసు పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల గుమాస్తా. ఆయన చేతిలో ఉన్న యోగ్యతా పత్రమల్లా ఆ మెట్రిక్యులేషనే. 1914లో కేంబ్రిడ్జి చేరినప్పుడు, పరిశోధక విద్యార్థికి కావలసిన అర్హత లేకపోయినా చేర్చుకొన్నారు. 1916 మార్చిలో పరిశోధన ద్వారానే బి.ఏ. ఇచ్చారు. ప్రొఫెసర్ హార్డీ వంటి మనిషి వెనుక నిలబడితే నిబంధన ప్రక్కకు తొలిగింది. దీనిని చూచి కాగితం అక్కరలేదని చెప్పేవారున్నారు. వారితో నేను ఏకీభవించను. వెనుక హార్డీ లేనివాడికి మిగిలేది కాగితమే.

రెండవవాడు మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఈయన కథ వలస పోయిన ప్రతి తెలుగు ఇంటా చెప్పుకోవలసింది. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడవసారి మదరాసు హిందూ హైస్కూలులో ప్యాసయినాడు. తండ్రి పోయాడు. మదరాసు వైద్య కళాశాలలో చేరాడు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు తొడిగినందుకు శస్త్రచికిత్స ప్రొఫెసరు దొరగారికి కోపం వచ్చింది. ఎం.బి.బి.యస్. పట్టాకు బదులు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.యస్. సర్టిఫికెట్టు చేతికి వచ్చింది. మదరాసు వైద్య శాఖలో కొలువు దొరకలేదు. ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం పాఠాలు చెప్పుకొన్నాడు. మామగారూ, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థా ఇచ్చిన సహాయంతో 1923లో అమెరికాలోని బోస్టన్ చేరాడు. ఆ సత్యలింగ నాయకర్ రంగూనులో సంపాదించి సొంత సీమలో ధర్మం చేసినవాడు. ఒక వలసవాని సొమ్ము మరొక వలసవాణ్ణి ఓడ ఎక్కించింది!

అక్కడ ఏమయింది? హార్వర్డువారు ఉష్ణమండల వైద్యంలో చేర్చుకొన్నారు, డిప్లొమా ఇచ్చారు. కాని ఆయన మన దేశపు వైద్య సర్టిఫికెట్టు అమెరికాలో రోగిని చూచే హక్కు ఇవ్వలేదు. వైద్యం చదివినవాడు ఆస్పత్రిలో రాత్రిపూట పనివాడుగా చేరి, పగలు చదువుకొన్నాడు. 1925లో ఫిస్కేతో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రకటించాడు. ఇద్దరి పేర్లతోనే అది ప్రయోగశాలలలో నిలిచింది. 1930లో పిహెచ్.డి. వచ్చింది. అప్పటికిగాని, అంటే ఏడేండ్లకుగాని, ఆయన చేతిలో ఆ దేశం ప్రశ్నించలేని కాగితం పడలేదు. 1940లో లెడర్లె సంస్థలో చేరి, 1948లో పోయేదాకా అక్కడే మందుల పరిశోధన నడిపాడు. ఫోలిక్ ఆమ్లం, ఆరియోమైసిన్ ఆయన నడిపిన పరిశోధనశాలనుంచి వచ్చినవే. అంతటి తెలివికి ఏడేండ్లు పట్టింది. ఇవాళ సర్టిఫికెట్టు సరిపోలేదని ఆరు నెలలు ఇంట్లో కూర్చోవలసి వచ్చిన మన కోడండ్లకూ అల్లుండ్లకూ ఈ సంగతి చెప్పండి. ఓదార్పు కోసం కాదు, ఆ ఏడేండ్లలో ఆయన చేసినది ఏమిటో తెలియడానికి. వచ్చిన చదువును గుర్తించేదాకా ఆగకుండా, ఆ దేశపు చదువే మొదటినుంచి మళ్ళీ చదివాడు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆనాడే బళ్ళారి జిల్లా ముక్కలై, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు వచ్చాయి. బళ్ళారి మైసూరులో కలిసింది. మదరాసు బడిలో చేరిన పిల్లలు చదువు ముగిసేసరికి ఒకరు ఆంధ్ర పిల్లలు, ఒకరు మైసూరు పిల్లలు అయినారు. అదే ఏడు డిసెంబరు 11న పారిస్‌లో ఐరోపా దేశాలు కొన్ని కూడి ఒక ఒడంబడిక వ్రాసుకొన్నాయి. ఒక దేశపు సెకండరీ పరీక్ష ప్యాసయినవాణ్ణి మరొక దేశపు విశ్వవిద్యాలయం తన పిల్లవానితో సమానంగా ఎంచాలన్నది దాని సారాంశం. ఒకరితో ఒకరు రెండు మహాయుద్ధాలు చేసినవారు ఒప్పుకొన్నారు. 1997లో లిస్బన్‌లో దానిని ఇంకా ముందుకు తీసుకపోయారు. పత్రం తెచ్చినవాడు తన చదువు సమానమని నిరూపించనక్కరలేదు, కాదనే అధికారే పెద్ద తేడా ఉన్నదని చూపించాలి. ఈ ఒక్క మాట విన్నప్పుడు గుమాస్తాగా నాకు ముచ్చట వేసింది. మన కచేరీలలో రుజువు బరువు ఎప్పుడూ కౌంటరుకు బయట నిలబడ్డవాని నెత్తినే ఉంటుంది.

మన దేశంలో రాష్ట్రానికొక బోర్డు. ఆంధ్రలో సెకండరీ బోర్డు 1953నాటిది, కర్ణాటకలో 1966నాటిది. ఆ కర్ణాటక బోర్డు 2022లో పి.యు.సి. శాఖతో కలిసి కొత్త పేరు పెట్టుకొంది. పాత చదువులో ఆరవ ఫారం అంటే పదకొండవ ఏడు. 1964–66 కొఠారి కమిషను సిఫారసులు, 1968 జాతీయ విధానం తరువాత పది, ఆపైన రెండు అన్న లెక్క క్రమంగా అన్ని చోట్లా స్థిరపడింది. అప్పటికీ కొలతలు కలవలేదు. కర్ణాటక యస్.యస్.యల్.సి. మొత్తం 625 మార్కులకు, ఎందుకంటే మొదటి భాషకు 125. ఆంధ్ర పదవ తరగతి 600కు. రెండేండ్ల చదువును ఇటు ఇంటర్మీడియట్ అంటారు, అటు పి.యు.సి. అంటారు. బదిలీలమీద తిరిగే కేంద్ర ప్రభుత్వోద్యోగుల పిల్లలకోసం 1962లో కేంద్ర సెకండరీ బోర్డును పునర్వ్యవస్థీకరించారు. మరుసటి ఏడు కేంద్ర పాఠశాలలు మొదలయ్యాయి. రైల్వే, తపాలా, సైన్యంవారికి అది మేలే అయింది. రైతు పిల్లవాడు మేనమామ ఊరికి పోవడం బదిలీ క్రింద లెక్కకు రాదు గదా.

అతనికి తగిలిన ముల్లు వేరొకటి. 1973లో రాజ్యాంగానికి చేసిన సవరణను అనుసరించి 1974లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశాల ఉత్తర్వు వచ్చింది. అర్హత పరీక్షతో ముగిసే నాలుగేండ్లు వరుసగా ఆ ప్రాంతంలో చదివినవానిని ముఖ్యంగా స్థానికుడని ఎంచింది. కర్ణాటకలో వృత్తివిద్యా ప్రవేశాలకు ముఖ్యమైన నిబంధన, ఒకటవ తరగతినుంచి రెండవ పి.యు.సి. లోపల ఏడేండ్లు ఆ రాష్ట్రంలో చదవాలి, యస్.యస్.యల్.సి.గాని పి.యు.సి.గాని అక్కడే ప్యాసు కావాలి. ఇప్పుడు ఒక లెక్క వేయండి. వెంకటమ్మనహళ్ళి పిల్లవాడు నాలుగవ తరగతిదాకా ఊళ్ళో చదివాడు. ఐదునుంచి పదిదాకా ఆరేండ్లు మడకశిరలో మేనమామ ఇంట ఉన్నాడు. తిరిగి వచ్చి పావగడలో రెండేండ్లు పి.యు.సి. చదివాడు. కర్ణాటకలో చదివినవి నాలుగు, రెండు, వెరసి ఆరు. ఒక ఏడు తక్కువ. ఆంధ్రలో ఆరేండ్లు వరుసగా చదివినా, అర్హత పరీక్ష అక్కడ ముగియలేదు. మార్కులు ఎన్ని వచ్చినా ఈ లెక్కలో రెండువైపులా పరాయివాడు. తలిదండ్రుల నివాసాన్ని బట్టి, చదువును బట్టి వేరే మినహాయింపులు ఉన్నాయి. కాని అవి ఉన్నాయని ఆ తండ్రికి చెప్పేవారెవరు? పిల్లవాణ్ణి ఐదవ తరగతిలో చేర్చేనాడు, పన్నెండవ తరగతి తరువాతి లెక్క ఎవరు వేస్తారు?

దేశం దాటినప్పుడు మాటలే మారిపోతాయి. మనకు మెట్రిక్ అంటే పదవ తరగతి. దక్షిణాఫ్రికాలో మెట్రిక్ అంటే పన్నెండవ తరగతి. ఆక్స్‌ఫర్డులో మెట్రిక్యులేషన్ అంటే పరీక్షే కాదు, నల్ల అంగీ తొడిగి విశ్వవిద్యాలయంలో చేరే ఉత్సవం. కాబట్టి దరఖాస్తులో ఆ ఒక్క మాట వ్రాసి ఊరుకోవడం మంచిది కాదు. పదేండ్ల చదువు, ప్రభుత్వ పరీక్ష, బోర్డు పేరు, ఏడు అని విప్పి వ్రాయాలి.

ఇంకొక గందరగోళం ముద్రలది. 1961 అక్టోబరు 5న హేగ్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం అపోస్టిల్ అనే ఒకే ముద్ర ఉంటే, చేరిన దేశాలన్నిటా పత్రం చెల్లుతుంది. మన దేశంలో అది 2005 జూలై 14నుంచి అమలుకు వచ్చింది. విదేశాంగ శాఖ ఆ ముద్ర వేస్తుంది. ఒప్పందంలో చేరని దేశానికయితే ఆ దేశపు రాయబార కార్యాలయపు ముద్ర కావాలి. చాలమంది ఈ ముద్ర పడగానే చదువుకు గుర్తింపు వచ్చిందనుకుంటారు. రాలేదు. ఆ ముద్ర చెప్పేది సంతకం నిజమైనదని మాత్రమే. చదువు అక్కడి చదువుకు సమానమా అన్నది వేరే కార్యాలయం చూస్తుంది. కెనడా 2013నుంచి నైపుణ్య వలసదారులకు ఆ మదింపును తప్పనిసరి చేసింది. సమానమైనా ఆ కొలువుకు చాలునా అన్నది మూడవ ప్రశ్న, దానికి యజమాని జవాబు చెప్పాలి. సుబ్బారావుగారు చిక్కుకొన్నది ఈ మూడింటి నడుమనే.

గల్ఫు పోయే కూలివాని విషయంలో ఈ పదవ తరగతి కాగితానికి ఉన్న బరువు మనలో చదువుకొన్నవారికి తోచదు. 1983 ఎమిగ్రేషన్ చట్టం క్రింద కొన్ని దేశాలకు పనికి పోయేవారి పాస్‌పోర్టులో, ప్రభుత్వ తనిఖీ కావాలన్న ముద్ర ఉండేది. పదవ తరగతి ప్యాసయినవారికి ఆ తనిఖీనుంచి మినహాయింపు ఇచ్చారు. అనంతపురం, కడప, కరీంనగరం పల్లెలలో ఒకే ఇంటి అన్నదమ్ములలో ప్యాసయినవాడు తిన్నగా విమానమెక్కితే, తప్పినవాడు ఏజెంటు గుమ్మంలో పడిగాపులు పడ్డాడు. ఇద్దరూ పోయి మోసేది ఒకే ఇటుకలు.

చివరగా పేరు. ఆంధ్రలో పేరుకు ముందు అక్షరం ఇంటిపేరుది. పాత మైసూరు సీమలో చాలమందికి అది ఊరి పేరుది, తరువాతది తండ్రి పేరుది. మోక్షగుండం కూడ మొదట ఆంధ్రదేశంలోని ఊరే, పెద్దలు అక్కడినుంచి వలస వచ్చారు గనుక పేరుకు అంటుకొంది. వెంకటమ్మనహళ్ళి బడిలో పంతులుగారు ఊరి అక్షరం “వి” వేసి పిల్లవాని పేరు ఎక్కిస్తారు. మడకశిరలో ఉన్న పినతండ్రి కొడుకుకు ఇంటిపేరు పడుతుంది. కాగితాలమీద ఇద్దరూ ఒక వంశంవారు కారు! పుట్టిన తేదీ తెలియని రోజులలో బడి తెరిచే నెలకు దగ్గరగా జూన్ 1 అనో జూలై 1 అనో వేసిన తేదీలు ఎన్నో. విదేశీ కార్యాలయం ఇంటిపేరు ఒక గడిలో, సొంతపేరు ఒక గడిలో విడిగా అడుగుతుంది. యస్.యస్.యల్.సి.లో ఉన్నది పాస్‌పోర్టులో లేకపోతే, ఎన్ని ముద్రలున్నా దరఖాస్తు వెనుకకు వస్తుంది. విద్యాశాఖ లెక్కలో పావగడ మధుగిరి విద్యాజిల్లాకు చెందుతుంది. హెడ్మాస్టరు ఉత్తరం, మధుగిరిలో విద్యాశాఖ కార్యాలయం, బెంగుళూరులో బోర్డు, ఈ మెట్లన్నీ ఎక్కి పేరు దిద్దించుకొన్న కాగితం చేతికి వచ్చేదాకా పాస్‌పోర్టు దరఖాస్తు కట్టిపెట్టి కూర్చున్న ఇండ్లు ఆ సీమలో ఉన్నాయి.